వెచ్చటి ఇత్తడి

జ్ఞానప్రకాశం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే జేబులోంచి ట్రంపెట్ మౌత్‌పీసు తీసి మెత్తటి గుడ్డతో తుడవడం మొదలుపెట్టేవారు. తుడవడం పూర్తయ్యేలోగా అడిగినవాడు ప్రశ్నలో సగం తానే వదులుకునేవాడు. మిగిలిన సగానికి ఆయన జవాబిచ్చేవారు, అదీ ఇవ్వాలనిపిస్తే.

మదనపల్లెలో చర్చి వెనక రేకుల షెడ్డులో ఆయన ట్రంపెట్ నేర్పేవారు, శిష్యులతో ఒక బ్యాండు నడిపేవారు. ఊరేగింపుల్లో సినిమా పాటలు వాయించడానికి కాదు, రాగాలూ కీర్తనలూ వాయించడానికి. మూడు మీటలున్న ఇత్తడి వాద్యం మీద గమకం పలకదని సంగీతం తెలిసినవాళ్ళు చెబుతుండేవారు. మీటను సగమే నొక్కి, మిగతా సగం పెదవితో సర్ది, మాస్టారు పలికించేవారు. ఒక వర్షాకాలంలో స్కూటరు మీంచి పడి ఆయన ముందు పళ్ళు రెండు పోయాయి. ట్రంపెట్ వాయించేవాడి పెదవికి ఆధారం పళ్ళే. కట్టుడు పళ్ళతో కొన్నాళ్ళు ప్రయత్నించి, ఒక రోజు తన ట్రంపెట్‌ను పెట్టెలో పెట్టి మూశారు.

ఆ రోజు నుంచి బ్యాండు ఎవరిదవుతుందన్న మాట షెడ్డులో పైకి ఎవరూ అనలేదు. లోపల మాత్రం ఇద్దరు అనుకుంటూనే ఉన్నారు. ఒకడు ఓబులేసు, బస్సు డిపోలో మెకానిక్. రెండోవాడు కరీముల్లా, బజారులో దర్జీ. చిన్నప్పటి నుంచి ఇద్దరూ జంటగా వాయించేవారు. ట్రంపెట్‌కు జంట తప్పదు. ఎంతటివాడైనా ఊరేగింపు పొడవునా ఒక్కడే వాయిస్తే పెదవి వాచిపోతుంది. ఒకడు పల్లవి ఎత్తుకుంటే రెండోవాడు పెదవికి విశ్రాంతి ఇస్తాడు. వాడు వదిలిన చోట వీడు అందుకుంటాడు.

ఇద్దరూ తమ గురించి ఎప్పుడూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకున్నదంతా చనిపోయిన ఇద్దరు విద్వాంసుల గురించి. ఒకరు గుంతకల్లు ఖాదర్‌వలీ. తారస్థాయిలో ఆయన స్వరం నిలబెడితే వీధి చివరి వాళ్ళు కూడా తలెత్తి చూసేవారట. ఇంకొకరు కోలారు అంతోణి. మనిషి చాలా పొడుగు. ఆలాపన ఆయన విస్తరించినంత నిదానంగా మరొకరు విస్తరించలేదట. ఓబులేసు ఖాదర్‌వలీ పక్షం, కరీముల్లా అంతోణి పక్షం. వీళ్ళిద్దరిలో ఎవరూ ఆ ఇద్దరిలో ఎవరినీ ఎదుట కూర్చుని విన్నది లేదు. ఉన్నదల్లా కాపీకి కాపీ చేసిన క్యాసెట్లు.

"మీ అంతోణి వాయిస్తుంటే పిల్లను ఉయ్యాల్లో పడుకోబెడుతున్నట్టు ఉంటుందిరా" అనేవాడు ఓబులేసు.

"మీ ఖాదర్‌వలీ వాయిస్తుంటే రైలు కూతనుకుని రైల్వేగేటు వేసేస్తారు" అనేవాడు కరీముల్లా.

"ఆ పై షడ్జం ఎవరికైనా అందిందా చెప్పు. క్యాసెట్టు పెడతాను, విను."

"నీ టేపురికార్డరు మోటారు పరుగెత్తి శ్రుతి పెంచేస్తుంది ఓబులూ. ఆ షడ్జం సంగతి పాపం ఆయనకే తెలియదు."

ఒక రోజు ఈ మాటకు షెడ్డులో అందరూ నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. ఖాదర్‌వలీని అన్న మాట తనను అన్నట్టే తీసుకున్నాడు. అందులో పొరపాటేమీ లేదు కూడా. పై స్థాయిలో మెరుపులా వాయించేది తను. నిదానంగా, లోపలికి వాయించేది కరీముల్లా. ఎవరు గొప్ప అన్న వాదనలో పేర్లు పాతవాళ్ళవి, వాదన మాత్రం వీళ్ళది. ఆ రోజు తర్వాత ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నా మాట్లాడుకోవడం మానేశారు. ఒకడు వదిలిన చోట రెండోవాడు అందుకుంటూనే ఉన్నాడు కానీ, వినేవాళ్ళకు అక్కడ అతుకు కనబడేది.

వైకుంఠ ఏకాదశి దగ్గరపడింది. ఊరి గుడిలో ఆ తెల్లవారుజామున ఉత్తరద్వారం తెరిచే క్షణానికి మొదటి స్వరం ట్రంపెట్‌ది కావాలని మాస్టారి హయాంలోనే ఆనవాయితీ ఏర్పడింది. తలుపు తెరుచుకునేదాకా గుడి ఆవరణలో ఏ వాద్యమూ పలకకూడదు. శ్రుతి సరిచూసుకోవడానికైనా వీల్లేదు. తలుపు తీయగానే బౌళి రాగంలో కీర్తన. ఇంతకాలం ఎత్తుకున్నది మాస్టారే. ఈసారి ఎత్తుకునేవాడిదే బ్యాండు అని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు. గుడి కమిటీ పెద్ద సుబ్బరామయ్య సెట్టి ఆ మాట పైకే అన్నాడు. ఆ ఉదయం ఊరేగింపు బయల్దేరే ముందు మైకులో పేరు చదువుతానని కూడా చెప్పాడు.

ముందురోజు సాయంత్రం అందరూ వెళ్ళాక ఓబులేసు షెడ్డులో ఆగిపోయాడు.

"మాస్టారూ, మీరు ఇద్దరినీ విన్నారు. ఖాదర్‌వలీ, అంతోణి, ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప?"

మాస్టారు మౌత్‌పీసు తీశారు. గుడ్డ తీశారు. నిదానంగా తుడిచారు. ఓబులేసు ఈసారి ప్రశ్నను వదులుకోలేదు.

"రేపు నువ్వే ఎత్తుకో" అన్నారు ఆయన చివరికి.

ఓబులేసు దాన్నే జవాబు అనుకుని ఇంటికి వెళ్ళాడు.

మదనపల్లెలో ఆ రోజుల్లో చలి ఎక్కువ. తెల్లవారుజామున మంచు గోపురాన్ని సగానికి కప్పేసింది. జనం శాలువాలు, తువ్వాళ్ళు తలకు చుట్టుకుని బారులు తీరారు. బ్యాండు ఉత్తరద్వారం పక్కన నిలబడింది. మాస్టారు శ్రుతిపెట్టె ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు.

చలికి ట్రంపెట్ శ్రుతి దిగుతుంది. ఇత్తడి చల్లబడితే, వాయించేవాడు ఎంత మొనగాడైనా, మొదటి స్వరం కాస్త కిందనే పడుతుంది. అందుకు షెడ్డులో మొట్టమొదట నేర్పే పాఠం ఒకటుంది. వాయించనప్పుడు కూడా మౌత్‌పీసుకు నోరు ఆనించి, పెదవి కదలకుండా, ఊపిరి మాత్రం గొట్టంలోకి వదులుతూ ఉండాలి. శబ్దం రాదు. చూసేవాళ్ళకు మనిషి ఊరికే నిలబడినట్టు ఉంటుంది. లోపల ఇత్తడి వెచ్చగా ఉంటుంది.

కరీముల్లా ట్రంపెట్‌ను శాలువా కింద పెట్టుకుని, తల వంచి, అదే చేస్తున్నాడు. ఓబులేసు కూడా మొదట చేశాడు. ఇంతలో సెట్టి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏమప్పా, ఈసారి నువ్వేనంట కదా."

"మాస్టారు చెప్పారు."

"మంచిది. నేను చిన్నప్పుడు ఖాదర్‌వలీని విన్నాను, తెలుసా? గుర్రంకొండ పక్కన ఏదో తిరునాళ్ళు. ఇట్లాంటి చలే."

ఓబులేసు ట్రంపెట్‌ను మోచేతికి తగిలించుకుని సెట్టి వైపు తిరిగాడు. "ఎదురుగానా? మీరా? ఆ పై షడ్జం విన్నారా?"

"వినకపోవడమేం! కొండ మీద మేకలు కూడా ఆగిపోయాయప్పా."

"అంతోణి అయితే అది పట్టగలడా, చెప్పండి" అన్నాడు ఓబులేసు. ఆ మాట సెట్టి కోసం అవసరమైన దానికంటే కొంచెం గట్టిగానే అన్నాడు. కరీముల్లా తల ఎత్తలేదు.

"అంతోణి ఎవరో నాకు తెలియదు నాయనా. ఖాదర్‌వలీ పక్కన మాత్రం ఒక పొడుగాటాయన నిలబడి ఉన్నాడు. శాలువా కప్పుకుని, బాకా నోటికి పెట్టుకుని, తెల్లారేదాకా అట్లనే. ఒక్క చప్పుడు వస్తే ఒట్టు. మధ్యలో మాత్రం బాకాలు మార్చుకునేవాళ్ళు. ఈ మనిషిని ఎందుకు పిలుచుకొచ్చారో, దండగ అని మేమంతా నవ్వుకున్నాం."

గట్టు మీద మాస్టారు తలెత్తి సెట్టిని చూశారు. మళ్ళీ శ్రుతిపెట్టె వైపు దించుకున్నారు. ఓబులేసుకు ఆ పొడుగాటాయనతో పనిలేదు. ఖాదర్‌వలీ ఎట్లా నిలబడేవాడు, ఊపిరి ఎక్కడ తీసుకునేవాడు, జనం ఏమన్నారు అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నాడు. సెట్టి చెబుతూనే ఉన్నాడు. ముహూర్తం ఇంకా కాలేదని లోపలి నుంచి కబురు వచ్చింది. మంచు ఇంకా దిగింది.

తలుపు వెనక గొలుసు చప్పుడైంది. జనం ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు.

ఓబులేసు ట్రంపెట్‌ను చేతిలోకి తీసుకున్నాడు. పట్టుకున్న వేళ్ళకు అర్థమైపోయింది. ఇత్తడి మీద మంచు చుక్కలు కట్టి ఉన్నాయి. మౌత్‌పీసు పెట్టి రెండు ఊపిర్లు గబగబా వదిలాడు. ఎంత తొందరపడ్డా లాభం లేదని, తలుపు కీలు కదిలేలోపు ఆ గొట్టం వెచ్చబడదని అతనికి తెలుసు. బౌళి మొదటి స్వరం ఊరంతా వింటుండగా కిందికి జారిపోతుంది. దానితో పాటు ఏమేం జారిపోతాయో కూడా తెలుసు. శ్రుతిపెట్టె మోగబోతోంది. మాస్టారి వైపు చూశాడు. ఆయన చేయి తిత్తి మీద ఉంది, చూపు తలుపు మీద ఉంది.

శాలువా కిందనుంచి ఒక చేయి వచ్చింది. అందులో ట్రంపెట్ ఉంది, మౌత్‌పీసు లేదు. కరీముల్లా అప్పటికే తన మౌత్‌పీసు ఊడదీసుకున్నాడు.

"ఇది పట్టు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఓబులేసుతో అతను అన్న మొదటి మాట అది. "నీది చచ్చిపోయింది."

ఓబులేసు తన మౌత్‌పీసు దానికి బిగించేసరికి తలుపు రెక్కలు విడివడ్డాయి. లోపలి దీపాల వెలుగు మంచులోకి వచ్చింది. అతను ఎత్తుకున్నాడు. స్వరం ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు. జనంలోంచి గోవింద నామం లేచింది. పల్లవి రెండోసారి పై స్థాయికి వెళ్ళినప్పుడు సెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

అనుపల్లవి కరీముల్లాది. పల్లవి సాగినంతసేపూ అతను చల్లటి ట్రంపెట్‌లోకి ఊపిరి ఊదుతూనే ఉన్నాడు. అది చాలలేదు. అందుకున్న మొదటి స్వరం శ్రుతి కింద పడింది. పెదవి బిగించి పైకి లాగడానికి చూశాడు. బిగించినకొద్దీ గొంతు పగిలినట్టు పలికింది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు చూసుకున్నారు. చరణానికి వచ్చేసరికి సర్దుకుంది కానీ, అప్పటికి అందరూ వినవలసింది వినేశారు.

ఊరేగింపుకు ముందు మండపంలో బ్యాండువాళ్ళకు పులిహోర పెట్టారు. సెట్టి మైకు కోసం మనిషిని పంపి, ఓబులేసు దగ్గరికి వచ్చాడు.

"ఖాదర్‌వలీ మళ్ళీ దిగొచ్చాడప్పా. నా చెవులతో విన్నాను కాబట్టి చెబుతున్నా." గొంతు తగ్గించాడు. "ఆ రెండో అబ్బాయి మాత్రం శ్రుతిలో లేడు. ఇంకెవరినైనా చూసుకో. నీ పక్కన అతను ఆనడు."

ఓబులేసు నోరు తెరిచాడు. వెనక ఎవరో సెట్టిని పిలిచారు. "ఇదో, మైకు తెచ్చారు. వస్తున్నా ఉండు" అని ఆయన అటు వెళ్ళాడు. ఓబులేసు నోరు మూసుకున్నాడు.

స్తంభం పక్కన కరీముల్లా ఒక్కడే కూర్చుని ఉన్నాడు. విస్తరాకు పక్కన పెట్టి, ఓబులేసు ట్రంపెట్‌ను ఒళ్ళో పెట్టుకుని, అడుగునున్న చిన్న మీట నొక్కి నీళ్ళు దులుపుతున్నాడు. పక్కన కూర్చున్నవాడెవడో ఏదో అన్నాడు. "చలి కదా" అన్నాడు కరీముల్లా.

ఓబులేసు మాస్టారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మాస్టారు మౌత్‌పీసు తుడుచుకుంటున్నారు. ఇక వాయించనని తెలిసినా అది ఆయన జేబులోనే ఉండేది. ఈ కథ నాకు చెప్పినవాళ్ళలో కొందరు, మాస్టారు అంతా ముందే ఊహించి అతన్ని ఎత్తుకోమన్నారని అంటారు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

"మాస్టారూ" అన్నాడు ఓబులేసు, "నిన్న అడిగింది వదిలేయండి. సెట్టిగారు చెప్పారే, శాలువా కప్పుకుని ఒక పొడుగాటాయన..."

మాట పూర్తి కాలేదు. అవతల సెట్టి మైకును వేలితో తట్టి చూస్తున్నాడు.

మాస్టారు గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నారు. చేయి చాచి, ఓబులేసు పట్టుకుని ఉన్న కరీముల్లా ట్రంపెట్ మీద అరచేయి ఆనించారు. కాసేపు అలాగే ఉంచారు.

"ముందు ఇది ఇచ్చి రా" అన్నారు. "చల్లారిపోతోంది."