రాతి మీద తప్పు దిద్దిన సింగోజు

ఒకానొక రాజ్యంలో రాజుగారికి ముప్పై రెండు బిరుదులు ఉండేవి. రాజ్యం పేరు గిరివాడ, రాజుగారి పేరు వీరకేసరి. వందిమాగధులు ఆ బిరుదులన్నీ చదివి ముగించేసరికి రాజుగారి ముందు వడ్డించిన అన్నం చల్లారిపోయేది. అయినా ఒక్కటి తగ్గించడానికి ఆయన ఒప్పుకునేవాడు కాదు. పైగా అన్నిటినీ నిలువెత్తు రాతి మీద చెక్కించి కోట వాకిట నిలబెట్టాడు.

వాటిలో పదిహేడోది "రేవునాటి అధీశ్వరుడు". రేవునాడు ఏటికి అవతల ఉన్న వేరే రాజ్యం. దానికి వేరే రాజు, వేరే సైన్యం ఉన్నాయి. వీరకేసరి తండ్రిగారు ఒకప్పుడు దాన్ని జయిద్దామని ఏటి ఒడ్డుదాకా వెళ్లి, చలిజ్వరం తగిలి తిరిగి వచ్చేశారు. రాజ్యం రాలేదు గాని బిరుదు వచ్చింది.

ఆ రాయి చెక్కినవాడు సింగోజు. అతనికి యజమాని అంటూ ఎవరూ లేరు. ఎవరు పిలిస్తే వాళ్ల ఊరు వెళ్లి, రాయి పూర్తయ్యేదాకా అక్కడే ఉండి, కూలి పుచ్చుకుని వచ్చేవాడు. రాజుగారి రాయి లేచాక గిరివాడలో ఇంకొక రాయి నిలబెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పని లేక సింగోజు పెళ్లాం మాచమ్మను వెంటబెట్టుకుని రేవునాటికి చేరాడు. అక్కడి వర్తకులు గుళ్లు కట్టిస్తున్నారు. గిరివాడ నుంచి అలా వెళ్లిన చేతిపనివాళ్లవి ఒక వీధిలో నలభై ఇళ్లు ఉండేవి. పక్కింటి చౌడయ్య బట్టల మీద రంగులద్దేవాడు.

ఆ ఏడు మహమ్మారి వచ్చింది. అంగళ్లు మూతపడ్డాయి, గుళ్ల పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది. రేవునాటి రాజు తన ప్రజలకు గింజలు పంచాడు. సింగోజు చెయ్యి చాపితే, "మీరు గిరివాడ వాళ్లు కదా, మీ రాజును అడగండి" అన్నారు. అదీ న్యాయంగానే తోచింది.

సరిగ్గా అప్పుడే గిరివాడలో దండోరా వేశారని ఉప్పు బండ్లవాళ్లు చెప్పారు. "నా రాజ్యంలో పని పోయిన ప్రతి చేతిపనివాడికీ ఇంటికొక బండి జొన్నలు" అని రాజుగారి మాట. మాచమ్మ అప్పటికి చంటిపిల్ల తల్లి. తిండి లేక పాలు తగ్గిపోతున్నాయి. సింగోజు తన పన్నెండు ఉలుల్లో మూడు అప్పటికే అమ్మేశాడు. వెంటనే తాటాకు మీద అర్జీ రాసి ఉప్పు బండి మీద పంపాడు.

నెల తర్వాత ధాన్యం చూసే మంత్రి నాగదేవ ప్రెగ్గడ నుంచి జవాబు వచ్చింది. పని పోయిందని నీ యజమాని చేత ముద్ర వేయించి పంపమన్నాడు. నాకు యజమాని లేడని సింగోజు రాశాడు. యజమానే లేనివాడికి పోవడానికి పని ఎక్కడిది, అసలు చేతిపనివాడివేనా, పనిముట్లు చూపించు అని మళ్లీ జవాబు. ఆ జవాబు వచ్చేసరికి ఇంట్లో ఒకే ఒక్క ఉలి ఉంది. మిగతావి గంజి అయిపోయాయి.

పనిముట్లు ఉంటే పని చేసుకోవచ్చు కదా అంటారు, లేకపోతే పనివాడివే కాదంటారు. కడుపు నిండినవాడు కూర్చుని రాసే నిబంధనలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. సింగోజు విసుక్కోకుండా మూడో అర్జీ పంపాడు. ఈసారి రాజముద్రతోనే జవాబు వచ్చింది: "నీవు నివసించే రేవునాడు పరరాజ్యం. పరరాజ్యంలో ఉన్నవారికి ఈ ధాన్యం చెందదు."

సింగోజు ఆ ఆకు రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత ఉలి, సుత్తి మూట కట్టాడు.

"ఎక్కడికయ్యా?" అంది మాచమ్మ.

"ఎప్పుడో చేసిన పనిలో తప్పు దొర్లిందట. దిద్ది వస్తాను."

కాళ్లు వాచి నడవలేని చౌడయ్య తన అర్జీ కూడా అతని చేతికిచ్చాడు. "నాదీ చూపించన్నా. వీధిలో వాళ్లందరి మాటా చెప్పు" అన్నాడు.

సింగోజు ఆరు రోజులు నడిచి గిరివాడ చేరాడు. ప్రెగ్గడ కచేరీకి పోలేదు. తిన్నగా కోట వాకిటికి పోయి, రాతి ముందు గొంతుక్కూర్చుని, పదిహేడో బిరుదు మీద ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. మొదటి అక్షరం పెచ్చు లేచేసరికి భటులు వచ్చి రెక్కలు విరిచి పట్టుకుని సభకు ఈడ్చుకుపోయారు.

రాజుగారి ముఖం కందగడ్డ అయింది. "ఎవడ్రా నువ్వు? నా బిరుదు మీద ఉలి వేస్తావా?"

"ఆ రాయి చెక్కిన సింగోజును ప్రభూ. చెక్కినదాంట్లో తప్పుంటే చెక్కినవాడే వచ్చి ఊరికే దిద్ది పోవాలి. అది మా పనివాళ్ల కట్టుబాటు. కూలి అడగను."

"ఏం తప్పు?"

సింగోజు తాటాకు తీసి ముందు పెట్టాడు. "ఏలినవారు రేవునాటికి అధీశ్వరులని రాతి మీద ఉంది. రేవునాడు పరరాజ్యమని ఏలినవారి ముద్ర పడిన ఈ ఆకు మీద ఉంది. రెండిట్లో ఒకటి అబద్ధం. ముద్రను తప్పనడానికి నేనెంతవాణ్ణి? చెక్కింది నేనే కనుక తప్పు నాదే అనుకున్నాను."

రాజుగారు ప్రెగ్గడ వైపు తిరిగాడు. "ఏమయ్యా, రేవునాడు నాదా, కాదా?"

ప్రెగ్గడ చేతులు జోడించాడు. "తమదే ప్రభూ. కాకపోతే, ధాన్యం పంచే వేళకు..."

"పంచే వేళకు నాది కాకుండా పోతుందా?"

"అది కాదు ప్రభూ. వీడికి యజమాని ముద్ర కూడా లేదు."

"గిరివాడలో నేను చివరగా చెక్కింది ఏలినవారి రాయే" అన్నాడు సింగోజు. "ఆ లెక్కన నా యజమాని ఏలినవారే. ముద్ర వేస్తే పట్టుకుపోతాను."

ప్రెగ్గడకు ఒక్కటే దారి మిగిలింది. "వీడి చేతిలో ఉలి ఉంది చూడండి ప్రభూ. పనిముట్టు ఉన్నవాడు పని చేసుకోవచ్చు కదా?"

"చేసుకుంటానంటే ఇందాక మీ భటులే కదండీ ఆపింది" అన్నాడు సింగోజు.

రాజుగారు ఫక్కున నవ్వాడు. ఆయన నవ్వాడు కనుక సభ నవ్వింది, ప్రెగ్గడ కూడా నవ్వాడు. "భేష్. వీడికి ఒక బండి జొన్నలు, ఒక పట్టు శాలువా ఇప్పించండి. రాతి జోలికి మాత్రం పోకు."

సింగోజు దండం పెట్టి చౌడయ్య అర్జీ తీశాడు. "ప్రభూ, అదే వీధిలో గిరివాడ వాళ్ల ఇళ్లు ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి. వాళ్లూ ఏలినవారి రేవునాట్లోనే ఉన్నారు, వాళ్లకూ పని లేదు."

"ఒకే చమత్కారానికి ఎన్నిసార్లు నవ్వమంటావు?" అన్నాడు రాజుగారు. "వాళ్లనూ వచ్చి కొత్తది ఏదైనా చెప్పమను, చూద్దాం."

"ఆకలి చూసి ఇచ్చారనుకున్నాను ప్రభూ" అన్నాడు సింగోజు. ఈసారి అతను చమత్కారం చెయ్యలేదు.

రాజుగారు అదీ చమత్కారమే అనుకుని ఇంకా గట్టిగా నవ్వాడు. శాలువాకు ఇంకొక శాలువా కలిపి ఇమ్మన్నాడు. సింగోజుకు ఆ నవ్వు వింటుంటే ఒళ్లు మండింది. కానీ ఇంటి దగ్గర పిల్ల పాలకు ఏడుస్తోంది. తలవంచి శాలువాలు పుచ్చుకున్నాడు.

బండి వీధిలోకి రాగానే జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. మాచమ్మ పిల్లను చంకనేసుకుని బండి దగ్గరికి పరుగెత్తింది. చౌడయ్య గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. సింగోజు రెండో శాలువా అతని భుజాన కప్పాడు. చౌడయ్య అలవాటు కొద్దీ అంచు తడిపి వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఈ రంగు నిలవదన్నా. రెండు ఉతుకులకే పోతుంది" అన్నాడు. తర్వాత అసలు సంగతి అడిగాడు. "చివరికి ఏ పత్రం చూపిస్తే ఇచ్చారు?"

"పత్రం కాదు చౌడయ్యా. రాజుగారిని నవ్వించాను, ఇచ్చారు."

చౌడయ్య శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"నాకు నవ్వించడం రాదన్నా. అద్దకం ఒక్కటే వచ్చు."

సింగోజు బండి మీది జొన్నల్లో సగం చౌడయ్య గుమ్మంలో దింపించాడు. ఆ పూట రెండిళ్లలో పొయ్యి వెలిగింది. రేవునాటి అధీశ్వరుడి ఏలుబడిలో మిగతా ముప్పై ఎనిమిది ఇళ్లలో వెలగలేదు.