పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన కెలోనె

ఊరి పెద్దలను నలుగురిలో ఎగతాళి చేసినందుకు తిమాస్‌కు దేశబహిష్కార శిక్ష పడింది. సెలవు తీసుకోవడానికి గురువు క్లియోనస్ దగ్గరికి వచ్చి, "ఈ శిక్షను మోసేదెలా గురువుగారూ?" అని అడిగాడు. క్లియోనస్‌ది ఒక అలవాటు. ఎంత దుఃఖంలో ఉన్నవాడికైనా ముందు తినడానికేదో పెట్టేవాడు. గుప్పెడు అంజూరపు పళ్ళు శిష్యుడి చేతిలో పోసి, కెలోనె సంగతి చెప్పాడు.

కెలోనె ఆర్కేడియాలో ఒక ఏటి ఒడ్డున ఉండే వనదేవత. గడప దాటడమంటే ఆమెకు గిట్టదు. దేవతల రాజు జియస్ హీరాను పెళ్ళాడినప్పుడు దేవదూత హెర్మీస్ దేవతలను, మనుషులను, చివరికి జంతువులను కూడా పేరుపేరునా పిలిచాడు. కెలోనె మాత్రం, "మా ఇంటి ముందు ఆ పెళ్ళి ఏపాటిది?" అని నవ్వి తలుపేసుకుంది.

పందిట్లో ఆమె కనబడకపోయేసరికి హెర్మీస్ మండిపడుతూ వచ్చాడు. ఇంటిని, ఇంటామెను కలిపి ఏట్లోకి తోసేశాడు. "నీకు ఇల్లే ముద్దు కదా, వీపున మోసుకు తిరుగు!" అన్నాడు. నీళ్ళలోంచి ఒడ్డుకు పాకి వచ్చింది ఒక తాబేలు.

ఆ రోజంతా డొప్పలో తల దాచుకుని ఏడ్చింది. సాయంత్రం వడగళ్ళు పడ్డాయి. జింకలూ కుందేళ్ళూ తలదాచుకునే చోటు కోసం పరుగులు పెడుతుంటే, తను ఉన్నచోటే వెచ్చగా ఉంది. వాన వెలిశాక మెల్లగా నాలుగడుగులు వేసింది. ఇల్లూ వచ్చింది. ఇంకో నాలుగు వేసింది. ఆమెకు నవ్వొచ్చింది. ఇల్లు విడవలేకే కదా, ఇన్నాళ్ళూ కొండ అవతల ఏముందో చూడలేదు!

ఆగుతూ, చూస్తూ, దొరికిన ఆకు తింటూ ఏళ్ళ తరబడి నడిచి దేవతలుండే ఒలింపస్ కొండ చేరింది. అప్పుడే జియస్‌తో పోట్లాడి మూతి ముడుచుకు కూర్చున్న హీరా, "ఎవరమ్మా నువ్వు?" అంది.

"పెళ్ళికొచ్చానమ్మా. దారిలో కాస్త ఆలస్యమైంది."

హీరా పగలబడి నవ్వింది. ఆ సంబరంలో, శాపం తీసెయ్యమని హెర్మీస్‌కు చెప్పింది. అక్కడే పాలరాతి మేడ కట్టిస్తానని కూడా అంది. హెర్మీస్ తన మంత్రదండం ఎత్తాడు.

"ఆగు నాయనా," అంది కెలోనె. "ఆ మేడ నాతో వస్తుందా?"

హెర్మీస్ దండం దించేశాడు. కెలోనె హీరా పెట్టిన లేత ఆకులు తిని, సముద్రం ఎటువైపో కనుక్కుని, కొండ దిగింది.

తిమాస్ నవ్వాపుకుంటూ, "అయితే హెర్మీస్ ఆమెను శిక్షించినట్టా, శిక్షించనట్టా?" అన్నాడు.

క్లియోనస్ వాకిట్లోకి వచ్చి ఆకాశం చూశాడు. "ఎండ ముదరకముందే బయలుదేరు నాయనా. దారిలో కొండ మలుపు దగ్గర కాసేపు ఆగు, చూడదగ్గ చోటు."