ఎర్రగీత మీద ముల్లు

మా విశ్వపతిగారికి ప్రశ్న అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు లేదు. "గురువుగారూ, మనసు ఊరికే భయపెడుతూ ఉంటుంది. ఆ భయం నిజమో కాదో తెలిసేదెలా?" అని నరహరి అడిగినప్పుడు కూడా ఊఁ అని ఊరుకున్నారు. నరహరి ఆయన శిష్యులందరిలోకీ బాగా చదివినవాడు. ఆశ్రమం పాత జీపు నడిపేదీ అతనే. పిరికితనంలోనూ అతనే ముందు, దాచడమెందుకు!

మర్నాడు పొద్దున్నే తోటమాలి పైడయ్యను పాము కరిచింది. అతన్ని జీపులో పడుకోబెట్టుకుని గురువుగారూ, నేనూ, నరహరీ కొండ కింద ఆసుపత్రికి బయలుదేరాం. గేటు దాటామో లేదో, ఇంజను వేడి చూపించే ముల్లు ఒక్క గెంతున ఎర్రగీత మీదికెక్కి కూర్చుంది. నరహరి వెంటనే బండి ఆపేశాడు.

"ఇంజను కాలిపోతుందండీ! చల్లారేదాకా కదపకూడదు" అన్నాడు. ఇక్కడ పైడయ్య కాలు వాచిపోతోంది. "నాను సచ్చిపోతానేటి బాబూ?" అని అతను నా చెయ్యి పట్టుకుంటే నాకు ఏడుపొచ్చింది. నరహరి మీద ఒళ్ళు మండింది కూడా.

గురువుగారు దిగి బానెట్ ఎత్తారు. రేడియేటర్ గొట్టం మీద చెయ్యి వేసి, "నువ్వూ వెయ్యి" అన్నారు. నరహరి వేశాడు. గోరువెచ్చగా కూడా లేదు. అప్పుడాయన, ముల్లుకు కబురందించే తీగను ఇంజను దగ్గర ఊడదీశారు. అయినా ముల్లు ఎర్రగీత వదల్లేదు.

"ఇంజనుతో సంబంధం తెంపేశాను. ఇంకా బెదిరిపోతోందంటే, ఆ బెదురు ఇంజనుది కాదు నాయనా!"

తీగ వెంట వేలు పోనిస్తే దొంగ దొరికాడు. ఆయుధపూజ నాడు, బండికి దిష్టి తగలకూడదని నరహరే ముందువైపు నిమ్మకాయలు, మిరపకాయలు ఇనప తీగతో కట్టి, దాని కొస బానెట్ లోపలికి లాగి మరీ బిగించాడు. అది ఒరుసుకుని ఒరుసుకుని ఈ తీగ తొడుగు చిరిగి రాగి బయటపడింది; ఆ రాగి ఇనుముకు తగిలి ముల్లుకు దొంగ కబురు పంపుతోంది. గురువుగారు ఇనప తీగను పక్కకు వంచేసి, కండువా అంచు చింపి రాగికి చుట్టి, ఊడదీసింది మళ్ళీ తగిలించారు. ముల్లు బుద్ధిగా కిందికి దిగింది. పైడయ్యకు వేళకు మందు పడింది. గండం గడిచింది, అమ్మయ్య అనుకున్నాం.

సాయంత్రం తిరుగు దారిలో, కొండ ఎక్కుతుంటే ముల్లు మెల్లమెల్లగా మళ్ళీ పైకి పాకింది. నరహరి ఇప్పుడు శూరుడు కదా! "దీని బండారం తెలిసిపోయింది లెండి. నా ప్రశ్నకు జవాబూ దొరికింది. భయమంతా ఒట్టి అబద్ధం!" అని నవ్వుతూ ఇంకా గట్టిగా తొక్కాడు.

"ఆపు" అన్నారు గురువుగారు. "పొద్దున ముట్టుకోకుండానే బెదిరిపోయావు. ఇప్పుడు ముట్టుకోకుండానే నవ్వుతున్నావు. దిగి బానెట్ ఎత్తు."