రెండు ముడుల గడ్డిపోచ

అనగనగా ఒక ఇప్పచెట్ల అడవిలో ఒక గూడుబండి ఉండేది. గాజులమ్ముకునేవాడెవడో ఇరుసు విరిగిందని వదిలేసి పోతే, జంతువులే దాన్ని బాగు చేసుకున్నాయి. వెదురు తడికలు వంచి పైన గూడు కట్టాయి. లోపల ఎండుగడ్డి పరిచాయి. ఇక అది బండి కాదు, చక్రాల మీద ఇల్లు.

అడవిలో ఉన్నవాళ్లకు బండెందుకు అంటారా? చెప్తాను. ఎండాకాలం వచ్చిందంటే అక్కడి వాగు ఎండిపోయేది. ఇసుక తవ్వినా చుక్క దొరికేది కాదు. దప్పిక అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఈ కథ సగమే తలకెక్కుతుంది. అందుకే ఏటా ఇప్పపూలు రాలగానే, నడవలేనివాళ్లను బండిలో ఎక్కించుకుని పెద్దేటి ఒడ్డుకు పోయేవి. నాలుగు రోజుల దారి. దారిలో మూడు మజిలీలు. మొదటిది కుందేళ్ల దిబ్బ. రెండోది కోతుల తాటితోపు. మూడోది గుట్ట కింద ఎలుగవ్వ గుహ.

బండిని లాగేవి రెండు ఎద్దులు. కాడికి కుడివైపు కట్టేదాన్ని వలపటెద్దు అంటారు. ఎడమవైపుదాన్ని దాపటెద్దు అంటారు. వలపట బూదెన్న, దాపట లింగన్న. పదకొండేళ్లు ఇద్దరూ ఒకే కాడి మోశారు. బూదెన్న నోరు పెద్దది. లింగన్నకు నోరే లేదన్నట్టు ఉండేవాడు.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు లింగన్న పక్కకు పోయి నిలబడేవాడు. వీపు మీద పాలమ్మ అనే తెల్లకొంగ వాలేది. చాలాసేపు ఇద్దరూ గుసగుసలాడేవాళ్లు.

"ఏరా తమ్ముడూ, కొంగతో ఏంట్రా అన్ని కబుర్లు?" అని బూదెన్న వెక్కిరించేవాడు.

"వీపు గోకించుకుంటున్నానన్నా" అనేవాడు లింగన్న.

ఒక చలికాలం లింగన్న మేతకు పోయి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

ఆ ఎండాకాలం దాపటవైపు సోమక్క అనే గాడిదను కట్టారు. ఇద్దరి అడుగూ కలవలేదు.

"నీ అడుగు చిన్నది సోమక్కా. బండి గుండ్రంగా తిరుగుతోంది" అన్నాడు బూదెన్న.

"నీ నోరు పెద్దది పెద్దయ్యా. అది మూస్తే బండి తిన్నగానే పోతుంది" అంది సోమక్క.

ఈసారి బండిలో ఎక్కవలసింది చుక్కమ్మ అనే కోడిపెట్ట. గంపలో ఐదు గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది. అప్పటికి పద్దెనిమిది రోజులైంది. మరునాడు బయలుదేరితే ఇరవై ఒకటో రోజుకు, అంటే పిల్లలు బయటికొచ్చే రోజుకు, ఎలుగవ్వ గుహ చేరాలి. ఆగుదామా అంటే వాగులో నీళ్లు లేవు.

"మామా, పోయినేడు నీటికోసం ఉరుకుల్లో గుడ్లన్నీ చల్లబడిపోయాయి. ఈసారి పొదిగినవైనా దక్కాలి. ఆ రోజు గాలి తగలని చోటు కావాలి నాకు. ఇంకేమీ అడగను" అంది చుక్కమ్మ.

"గుహ ఎక్కడికి పోతుందే అమ్మాయ్? నేరుగా గుహలోకే తోలుకుపోయి కాడి దించుతాను" అన్నాడు బూదెన్న.

సోమక్క తల ఎత్తింది. "అయితే ముందే ఒక మాట చెప్పి పంపుదాం పెద్దయ్యా. పలానా రోజు వస్తున్నాం, చోటు ఉంచమని. పాలమ్మ రెక్కలు కొట్టుకుంటూ పూటలో పోయి చెప్పొస్తుంది."

బూదెన్నకు కోపం వచ్చింది. "దారిన పోయేవాళ్లం చోటు అడుక్కోవడమా? బండి ఆపడం, కాడి దించడం. పదకొండేళ్లు అదే చేశాం. ఒక్కనాడైనా ఎవరైనా పొమ్మన్నారా? కుందేళ్ల దిబ్బ మీద ముల్లనేది కనపడేది కాదు. తాటితోపులో మేం పోయేసరికి ముంజలు రాలి ఉండేవి. ఎలుగవ్వ గుహ నేల ఊడ్చినట్టు ఉండేది. ఆ రోజులే వేరు. మనుషులకైనా ఉండదు అంత మర్యాద."

"ఎవరింట్లోకైనా పోయేముందు గుమ్మం దగ్గర దగ్గుతాం కదా. ఇదీ అంతేగా?" అంది సోమక్క.

"నా వాళ్ల దగ్గర నేను దగ్గను" అన్నాడు బూదెన్న.

పిల్లలూ, నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది. నామోషీ కడుపు నింపదు, తల మీద గూడు కట్టదు. అడిగితే చిన్నబోతానని అడగకపోతే, చిన్నబోయేది మనం కాదు, మనల్ని నమ్మి బండెక్కినవాళ్లు. అలాంటివాళ్లను చాలామందిని చూశాను నేను. సరే, కథలోకి పోదాం.

ఆ సాయంత్రం పాలమ్మ తనంతట తానే వచ్చి బూదెన్న వీపు మీద వాలింది.

"కబురేమైనా ఉందా పెద్దెద్దూ?" అని అడిగింది.

"కబురేముంది? మా తమ్ముడు పోయాడు, నీకు తెలిసిందేగా. నా వీపు మీద పురుగుల్లేవు, పో" అని తోకతో కొట్టాడు.

పాలమ్మ కాసేపు ముక్కు అటూ ఇటూ తిప్పింది. ఏదో చెప్పబోయి మానుకుని ఎగిరిపోయింది.

మరునాడు బండి కదిలింది. ఇన్నేళ్లూ రెండు మెడల్లో మోగిన గంట ఇప్పుడు ఒక్క మెడలోనే మోగుతుంటే, ఆ చప్పుడు దారంతా బూదెన్నకు కుంటుతున్నట్టు వినపడింది.

పొద్దు వాలేసరికి కుందేళ్ల దిబ్బ చేరారు. ముసలి కుందేలు ఎదురొచ్చాడు.

"ఏం బూదెన్నా, ఈ ఏడు కబురే లేదు?"

"కబురేముంది మామా. మా లింగన్న పోయాడు."

"అయ్యో" అని కుందేలు చెవులు వాల్చేశాడు. ఇక ఏం అడగాలో తోచలేదు. చోటైతే ఉంది. కానీ నేలంతా పల్లేరుకాయలు. తెల్లారేసరికి బూదెన్న కుడి ముంగాలు వాచింది. అది ఎప్పటినుంచో నొప్పి ఉన్న కాలే.

రెండోనాడు తాటితోపు చేరారు. తోపు నిండా అడవిపందులు దిగి ఉన్నాయి. కోతుల పెద్ద చెట్టు దిగి వచ్చాడు.

"కబురు లేకుండా వస్తే ఎట్లాగయ్యా?" అన్నాడు.

చావు కబురు తమకు చెప్పలేదని అలిగాడు కాబోలు అనుకున్నాడు బూదెన్న. "ఎవరికి చెప్పే తీరిక ఉంది పెద్దా? మేం చూసేసరికే కాళ్లు చాపేశాడు" అన్నాడు.

కోతుల పెద్ద తల గోక్కున్నాడు. పాపం, అతనికీ అంతకు మించి అడగాలనిపించలేదు. తోపు చివర ఏటవాలు నేల ఉంటే చూపించాడు. బండి ఒక పక్కకు ఒరిగింది. గుడ్లు దొర్లిపోకుండా చుక్కమ్మ రెక్కలు చాచి పట్టుకునే కూర్చుంది.

పొద్దున్నే సోమక్క మెల్లగా అంది. "పెద్దయ్యా, వాళ్లు అడిగే కబురు వేరు, నువ్వు చెప్పే కబురు వేరు అనిపిస్తోంది నాకు. అదిగో, పాలమ్మ మన వెంటే వచ్చింది. తాటిమట్ట మీద కూర్చుంది. ఇప్పుడైనా ఎలుగవ్వకు ఒక మాట పంపు. మనకంటే ముందే చేరుతుంది."

"ఎలుగవ్వకు నేను చిన్నప్పటినుంచి తెలుసు. గుహ చూశాక మాట్లాడు" అన్నాడు బూదెన్న. అని, వాచిన కాలు ఈడ్చుకుంటూ కాడి కింద మెడ పెట్టాడు.

మూడోనాడు మధ్యాహ్నం దాటాక గుట్ట కనిపించింది. బూదెన్నకు ప్రాణం లేచొచ్చింది. బండిని నేరుగా గుహ మీదికి నడిపించాడు.

గుహ నోటికి ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది.

కంప వెనకనుంచి ఎలుగవ్వ వచ్చింది. వెంట్రుకలు నెరిసిన ఎలుగుబంటి. "ఒరే బూదెన్నా, నువ్వా? రావనుకున్నాను కదరా" అంది.

"రాకపోవడమేంటవ్వా? ఏటా వస్తున్నాను కదా."

"ఏటా మీ పోచ వచ్చేది. ఈ ఏడు రాలేదు. అమావాస్య దాకా చూశాను. లింగన్న పోయాడని గాలికబురు విన్నాను. మీ బండి ఇక కదలదు కాబోలు అనుకున్నాను. ఒక దుప్పి వచ్చి చోటడిగితే ఇచ్చేశాను. మొన్ననే ఈనింది. చిరుతపులి భయానికి కంప పెట్టాను."

"ఏం పోచ?" అన్నాడు బూదెన్న.

ఎలుగవ్వ జవాబు చెప్పేలోపే బండిలోంచి చుక్కమ్మ అరిచింది. "మామా, ముక్కులు పొడుస్తున్నాయి."

లోపలినుంచి దుప్పి తల్లి కూడా విన్నది. "అవ్వా, కంప తీసెయ్యి. వాళ్లూ లోపలికే రానీ. సర్దుకుందాం" అంది.

మంచిదే. కానీ అవి రెండు మోపుల తుమ్మకంప, ఒకదానిలో ఒకటి అల్లుకుపోయాయి. ఎలుగవ్వ లాగుతూనే ఉంది. అంతలో పడమటి గాలి లేచింది. ఎండాకాలం మధ్యాహ్నం లేచే గాలి మీకు తెలుసుగా, దుమ్మూ ఆకులూ రాళ్లూ కలిపి కొట్టేది. మొదటి విసురుకే బండి మీది తడికలు లేచిపోయాయి. గంప మీద ఇక ఆకాశమే మిగిలింది. ఒక్కో పెంకు పగులుతోంది. తడి పిల్లలకు ఆ విసురుగాలి తగిలితే ఒళ్లు చల్లబడి బతకవు. గంప కదిపితే పగులుతున్న పెంకుల్లో నలిగిపోతాయి.

బూదెన్న కాడి దించుకుని వలపటవైపు బండికి ఒళ్లు ఆనించి నిలబడ్డాడు. సోమక్క దాపటవైపు నిలబడింది. ఎలుగవ్వ కంప వదిలేసి వచ్చి వెనకవైపు కూర్చుంది. మూడు వైపులా గోడ లేచింది.

నాలుగో వైపు మిగిలిపోయింది. దుప్పి తల్లి బిడ్డను వదిలి రాలేకపోయింది. ముందుపక్క కాడి ఒక్కటే నేల మీద పడి ఉంది. ఇంకొక ఎద్దు ఉంటే అక్కడ నిలబడేవాడు. గాలి ఆ సందులోంచే వచ్చింది. చుక్కమ్మ అటువైపు తిరిగి ఎంత రెక్క చాచగలదో అంత చాచింది.

గాలి తగ్గేసరికి గంపలో నాలుగు పిల్లలు కిచకిచమంటున్నాయి. ఐదో గుడ్డుకు ఒక పక్క చిన్న కంత ఉంది. కంతలోంచి పసుపుపచ్చ ముక్కు కనపడుతోంది. అది కదలడం లేదు.

చుక్కమ్మ ఏడవలేదు. ఆ గుడ్డును కూడా మిగతా పిల్లలతోపాటే రెక్క కిందికి తీసుకుంది. అది చూడలేక బూదెన్న గుట్టవైపు తిరిగాడు.

అప్పుడు ఎలుగవ్వ గుహలోకి పోయి, రాతి సందులోంచి ఏవో తీసుకొచ్చి అతని ముందు పెట్టింది. ఎండిపోయిన గడ్డిపోచలు. పదకొండు ఉన్నాయి. ఒక్కోదానికి రెండు ముడులు.

"ఇవి మీ తమ్ముడు పంపినవిరా. ఇప్పపూలు రాలగానే పోచ కొరికి ఇచ్చేవాడు. పాలమ్మ ముక్కుతో ముడేసి తెచ్చేది. కుందేళ్లకు ఒకటి, కోతులకు ఒకటి, నాకు ఒకటి. అది చూశాకే కుందేళ్లు ముళ్లు ఏరేవి. కోతులు ముంజలు రాల్చేవి. నేను నేల ఊడ్చేదాన్ని. చోటు ఊరికే ఖాళీగా ఉంటుందనుకున్నావా?"

తుమ్మకంప మీద వాలి ఉన్న పాలమ్మ అప్పుడు నోరు తెరిచింది. "'మా అన్నకు చెప్పకు, అడగడం నామోషీ అనుకుంటాడు' అన్నాడు లింగన్న. మాటిచ్చాను. అందుకే నీ దగ్గరికి వచ్చి కబురుందా అని మాత్రం అడిగాను. అంత నోరు కట్టుకుని ఉండాల్సింది కాదు నేను."

బూదెన్న మూతితో పోచలను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. చివరికి అడిగాడు. "వస్తున్నామనడానికి ఒక్క ముడి చాలు కదా అవ్వా. రెండెందుకు?"

"కుందేళ్లకూ కోతులకూ ఒక్కో ముడే పోయేది. నాకు మాత్రం రెండు" అంది ఎలుగవ్వ. "మొదటిది, వస్తున్నాం అని. రెండోది, మూడోనాటికి మా అన్న కుడికాలు నొప్పి పెడుతుంది, మెత్తటి మట్టి పరిచిన చోటు ఉంచమని. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆ రెండో ముడి మరిచిపోలేదు."

బూదెన్న వాచిన కాలు నేల మీద ఆనించాడు. ఆ రాళ్ల నేల మీద నొప్పి భుజం దాకా ఎక్కింది. తీయలేదు. అలాగే నిలబడ్డాడు.

నాలుగోనాడు పెద్దేరు చేరారు. నీళ్లు తాగారు. వానలు పడ్డాక తిరిగి వచ్చారు.

మరుసటి ఏడు ఇప్పపూలు రాలాయి. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు బూదెన్న పక్కకు పోయి నిలబడ్డాడు. పాలమ్మ వచ్చి వీపు మీద వాలింది. అతను మూడు పోచలు కొరికి నేల మీద పెట్టాడు.

చుక్కమ్మ పిల్లలు నాలుగూ బాగా ఎదిగాయి. వాటిలో ఒక పొగరుబోతు పెట్ట అటుగా పోతూ ఆగింది.

"ఏంటి తాతా, కొంగతో అన్ని కబుర్లు?" అంది.

"వీపు గోకించుకుంటున్నానే" అన్నాడు బూదెన్న.

పాలమ్మ ఎలుగవ్వ పోచకు రెండు ముడులు వేసి, ఎగరబోయింది.

"ఆగు" అన్నాడు బూదెన్న. "ఇంకొకటి వెయ్యి. సోమక్కకు గాలి పడదు. లోపలి మూల ఆమెకు ఉంచమని చెప్పు."

నీతి: ఒకప్పుడు దారంతా మనకు చోటు దొరికిందంటే, మనకంటే ముందు ఎవరో మన కోసం అడిగి పెట్టారని అర్థం, వాళ్లు పోయాక ఆ అడగడం మన వంతు.