చప్పట్లకు ఆగిన చోట

హుసేనప్పకు ఒక దిగులు మిగిలిపోయింది. ఎన్నికల్లో రెండుసార్లు పోటీ చేసి రెండుసార్లూ గెలిచాడు. కానీ అతని తల్లి సైదమ్మ ఒక్క సభకైనా రాలేదు. కారు పంపితే, మోకాళ్ల నొప్పులని చెప్పి వెనక్కి పంపేసేది. మొన్న వానాకాలంలో ఆమె పోయింది.

మూడోసారి నామినేషన్ వేసే ముందు అతను తన గురువు దస్తగిరి తాత దగ్గరికి వెళ్లాడు.

“అవతలివాళ్లు మూడు తరాలు పదవుల్లో ఉన్నోళ్లు తాతా. నేను బొరుగులమ్మే ఆమె కొడుకుని. ఊరూరా ఆ మాటే చెప్పినాను. అమ్మ కష్టం విని జనం ఓట్లేసినారు. మరి ఆమె ఎందుకు రాలేదు?”

“ఏం చెప్తావో నాకూ చెప్పు, వింటా.”

హుసేనప్ప సర్దుకుని కూర్చున్నాడు. గొంతు దానంతటదే మారింది.

“నెత్తిన గంప, చంకలో నేను. ఎండకు కాళ్లు బొబ్బలెక్కితే, కొంగుతో కళ్లు తుడుచుకుంటా వీధి వీధీ తిరిగింది మా అమ్మ. ఆ కన్నీళ్ల సాక్షిగా మీ ముందుకొచ్చినాను.”

అక్కడ ఆగాడు.

తాత మెల్లగా చప్పట్లు కొట్టాడు. వెక్కిరింపుగా కాదు, అక్కడ కొట్టాలి కాబట్టి కొట్టినట్టు. హుసేనప్ప తల దించుకున్నాడు.

“ఆమె ఏడవడం చూసినావా నాయనా?”

“లేదు తాతా.”

“నేనూ చూడలేదు. పదేళ్లు ఈ గడప ముందు గంప దించింది. కొలిచినాక పైన ఇంకో గుప్పెడు వేసి, ‘మా హుసేను బడికి పోతున్నాడు తాతా’ అని నవ్వేది. నీ మొదటి సభ రోజు ఇక్కడే కూర్చోనుంది. మైకులో నీ మాటలు వినపడినాయి. ‘వాడు ఎవరి గురించి చెప్తున్నాడు తాతా?’ అని అడిగింది.”

“నువ్వేం చెప్పినావు?”

“నాకు నోరు రాలేదు. నీకైనా ఆ రోజే చెప్పాల్సింది.”

హుసేనప్ప కళ్లు మూసుకున్నాడు. అమ్మ నవ్వు గుర్తుచేసుకోవాలని చూశాడు. గంప కనిపించింది. కొంగు కనిపించింది. ఆ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, తాను మాటల్లో ఊరూరా తిప్పిన ఆ మనిషే వచ్చి నిలబడింది. ఎంతసేపు చూసినా ఆమె పక్కకు జరగలేదు.

“తాతా,” అన్నాడు చివరికి, “మా అమ్మ ఎట్లా నవ్వేది?”