ఎనిమిదో మైలు

ఆ రోజుల్లో రాచూరు సంస్థానం మొత్తానికి ఒకటే కారు. దాన్ని తోలే మస్తానయ్యకు ఆ ఇంజను చప్పుడంటే ప్రాణం. ముసలిదైపోయాక ఆ కారు దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. అదీ ఎనిమిదో మైలు దగ్గర, సరిగ్గా మస్తానయ్య కూతురి అత్తగారి ఊళ్లో.

"కూతుర్ని చూడ్డానికి కావాలనే ఆపుతున్నావు. రేపటినుంచి పనిలోకి రాకు," అన్నారు జమీందారు.

"చిత్తం. వెళ్లేముందు ఒక్కసారి మీరే తోలండి దొరా, ఈసారి ఉత్తరం దారిన," అన్నాడు మస్తానయ్య.

ఎనిమిది మైళ్లు పోగానే కారు ఆగింది. ఎదురుగా జమీందారు చెల్లెలి ఇల్లు. అన్నాచెల్లెళ్లకు పదేళ్లుగా మాటల్లేవు.

"తమరూ కావాలనే ఆపారా దొరా?" అని మస్తానయ్య వినయంగా అడిగాడు.

"నీ పని నీదే. కారు జబ్బేమిటో చెప్పు," అన్నారు జమీందారు కిందికి దిగుతూ.

"ఇగ్నిషన్ కాయిల్ దొరా. ఇంతదూరం వచ్చేసరికి వేడెక్కి నిప్పురవ్వ ఇవ్వడం మానేస్తోంది. కొత్తది వేయించాలి. ఇప్పటికి తడిగుడ్డ చుడితే అరగంటలో చల్లారుతుంది."

అంతలో చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. "ఎండలో ఎందుకన్నయ్యా, లోపలికి రా," అంది. ఆయన తలవంచుకుని వెళ్లారు.

కాయిల్ పావుగంటలోనే చల్లారింది. మస్తానయ్య మాత్రం సాయంత్రం దాకా హారన్ కొట్టలేదు.