నేలమీద పరచిన పట్టుచీర

అనగనగా, ఓడలు వచ్చిపోయే ఒక రేవుపట్నం. అక్కడ వరదశెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. అతని ఇంటి చావడిలో నల్లరాతి నేల ఉండేది. శెట్టి తాతగారు దూరదేశపు పనివాళ్ళను రప్పించి పరిపించిన నేల అది. వంగి చూస్తే ముఖం కనిపించేది.

శెట్టి కూతురు వకుళ ఆ నేలమీదే నాట్యం నేర్చుకుంది. పున్నమినాడు రాజుగారే వచ్చి ఆమె నాట్యం చూస్తారని కబురందింది. ఇంకేముంది! శెట్టికి కాలు ఒకచోట నిలవలేదు.

"కప్పుకు చెదలు పట్టింది. దూలాలు మార్పించాలి, సున్నం కొట్టించాలి, పైన రంగుల లతలు వేయించాలి!" అన్నాడు.

"అన్నీ చేయిద్దామండీ. ముందు నేల కప్పుదాం," అంది భార్య నాగవల్లి.

శెట్టి పకపకా నవ్వాడు. "నేలకేమైనా చలిజ్వరం వచ్చిందా, దుప్పటి కప్పడానికి?"

నాగవల్లీ నవ్వింది. నవ్వుతూనే నేలంతా ఊడ్చింది. కింద ఒక్క ఇసుకరేణువు మిగిలినా రాయి గీరుకుపోతుంది కదా! పాతచీరలు పరిచింది. వాటిమీద మందంగా గడ్డి, గడ్డిమీద చాపలు వేసి, అంచులు కదలకుండా కుట్టించింది.

మొదట వడ్రంగులు వచ్చారు. దూలం పైకి లాగుతుంటే మోకు జారింది. దూలం దభీమని కిందపడింది! నాగవల్లి చాప ఎత్తి చూసింది. గడ్డి నలిగింది గాని, రాయి బీటవారలేదు.

తర్వాత సున్నం వేసేవాళ్ళు వచ్చారు. వాళ్ళు రాకముందే ఆమె చాపలమీద మైనపు గుడ్డ పరిచింది. నిచ్చెన మీది సున్నపు కుండ బోర్లాపడింది. గుడ్డ తుడిచారు, పని సాగించారు.

చివరికి చిత్రకారుడు వచ్చాడు. కప్పంతా లతలు అల్లుకున్నాయి. ఒక్క పువ్వు మిగిలింది.

శెట్టికి ఓపిక చాల్లేదు. "ఆ గడ్డీ చాపలూ తీసెయ్యండి! చావడి ఎలా ఉందో చూడాలి!"

"ఆ పువ్వు కూడా కానివ్వండి," అని బతిమాలింది నాగవల్లి.

"ఒక్క పువ్వుకి ఏమవుతుందే!" అంటూ శెట్టి అన్నీ చుట్టబెట్టించి బయట వేయించాడు. నేల తళతళ మెరిసింది. అతను తల పైకెత్తి, "ఆహా! ఓహో!" అంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. మడమ తగిలి ఎర్రరంగు కుండ ఒరిగింది.

రాళ్ళ అతుకుల్లోకి ఇంకితే జన్మలో వదలని రంగు అది!

ఆ క్షణాన నాగవల్లి చావడిలో ఉన్న కూతురికి చూపిద్దామని తన కొత్త పట్టుచీర తెస్తోంది. ఆలోచించలేదు. చీరను బంతిలా చుట్టి, ఒరిగిన కుండ కిందికి తోసింది. రంగంతా పట్టు పీల్చుకుంది. నేలమీద చుక్క పడలేదు.

"నీ చీర..." అన్నాడు శెట్టి.

"చీర మళ్ళీ నేయించుకోవచ్చు. ఈ నేల పరిచిన చేతులు ఇప్పుడెక్కడున్నాయండీ?"

శెట్టి తలవంచుకున్నాడు. బయటికి పరుగెత్తి చాపలు తానే మోసుకొచ్చి పరిచాడు. పువ్వు పూర్తయ్యేదాకా గుమ్మంలో కాపలా కూర్చుని, లోపలికి రాబోయిన పిల్లిని కూడా, "కాళ్ళు తుడుచుకో!" అని గద్దించాడు. వకుళ పొట్ట పట్టుకుని నవ్వింది.

పున్నమి వచ్చింది. దీపాల నడుమ వకుళ ఆడుతుంటే, నేలలో ఇంకో వకుళ పాదానికి పాదం కలిపి ఆడింది. రాజుగారు కప్పు చూడటమే మరిచిపోయారు.

"శెట్టీ, ఇంత అందమైన నేలను ఎలా కాపాడుకున్నావయ్యా?"

"నేను కాదు ప్రభూ, పాడుచేయబోయింది నేను. కాపాడింది ఈవిడ," అని శెట్టి భార్యను ముందుకు పిలిచాడు. నూలుచీర కట్టుకున్న నాగవల్లికి రాజుగారు లేచి నిలబడి నమస్కరించారు. చావడి చప్పట్లతో మారుమోగింది.

కాబట్టి పిల్లలూ, కొత్త సొగసులకోసం తొందరపడి ఉన్న సొగసును పోగొట్టుకోకూడదు. పని పూర్తయ్యేదాకా జాగ్రత్తను చుట్టబెట్టి బయట పెట్టకూడదు.